ఒక్క అక్షరము తేడా

ఈ పేజీలో సాధారణంగా మేము ఇతరుల పొరపాట్లను గూర్చి రాసి, దిద్దుకొమ్మని చెబుతూ ఉంటాము. ఈ నెల మా పొరపాటును గూర్చి రాయవలసి వచ్చింది. ఇది చదివిన తరువాత ఒక్క కుటుంబమైనా వెళ్ళి చిన్న పరీక్ష ఒకటి చేయించుకుంటే, మేము పడిన సిగ్గుకు తగిన ఫలితము దక్కినట్టే.

మా పరిచర్య పలాస కేంద్రంగా ఒక ప్రక్క టెక్కలి వరకు, మరొక ప్రక్క వజ్రపుకొత్తూరు, మందస తీరము వరకు సాగుతున్నది. ఉద్దానము అనే పేరు ఉద్యానవనము అన్న మాట నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస చెట్లు చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను నేలమట్టము చేసింది. తరతరాలుగా పెంచుకున్న కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. మనుషులు మళ్ళీ మొక్కలు నాటుకున్నారు. అయితే తుఫానుకంటే ఎంతో ముందు నుంచి ఈ నేలను పట్టుకొని వదలని బాధ ఇంకొకటి ఉంది. అది మూత్రపిండముల వ్యాధి.

ఈ వ్యాధికి ఉద్దానములో కారణమేమిటో పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీరు అన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడము అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. ఇదీ అని ఒక్కటి రుజువు కాలేదు. చక్కెర వ్యాధి గాని, రక్తపోటు గాని లేని కూలివానికి కూడా ఇది వస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమయ్యాయి. హిరమండలము జలాశయము నుంచి తాగునీరు తెచ్చే పథకము కూడా అప్పుడే మొదలైంది. అయినా మా గృహదర్శనములలో డయాలసిస్ రోగి లేని వీధి అరుదు.

అందుచేత మా ప్రాంతంలో అక్షరము ముక్క రాని అవ్వకు కూడా ఒక ఇంగ్లీషు మాట తెలుసు. జబ్బు ఎలా ఉందని ఇక్కడ అడగరు, “క్రియాటిన్ ఎంతొచ్చింది?” అని అడుగుతారు. రెండు అంటే నిట్టూరుస్తారు. ఐదు అంటే తల దించుకుంటారు. పది అంటే మాట మార్చేస్తారు. ఆ మాట అసలు రూపము క్రియాటినిన్. నోరు తిరగక చాలామంది మధ్యలో “ని” వదిలేసి క్రియాటిన్ అంటారు. మేమూ అలాగే అనేవాళ్ళము. ఆ వదిలేసిన ఒక్క అక్షరమే మా పొరపాటుకు మూలము.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. పేరు రాయము. ఆమె భర్త కొబ్బరి తోటల్లో పని చేసేవాడు. మూత్రపిండాలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ కు తిరిగి తిరిగి, తిత్లీ వచ్చిన మరుసటి సంవత్సరము ప్రభువు నందు నిద్రించాడు. ఆమె కాశీబుగ్గలో జీడిపప్పు పనికి వెళ్ళి ఒక్కగానొక్క కుమార్తెను చదివించుకుంటున్నది. ఆ అమ్మాయి టెక్కలిలో డిగ్రీ చదువుతూ, సాయంత్రము వ్యాయామశాలలో బరువులెత్తడము నేర్చుకుంటున్నది. కళాశాలల పోటీల్లో నెగ్గి, తరువాత జిల్లాకు, రాష్ట్రానికి ఆడాలని ఆమె ఆశ. ఆదివారము ఆరాధనలో పాటల బృందములో ముందు వరుసలో నిలబడేది కూడా ఆమే.

ఆడపిల్ల ఇనుము మోయడమేమిటని మా సంఘ పెద్దలలో ఇద్దరు ముగ్గురు మొదటినుంచి గొణుగుతూనే ఉన్నారు. శరీర సాధకమును గూర్చి పౌలు తిమోతికి రాసిన మాటను ఒకరు ఎత్తి చూపారు. పౌలు అక్కడ దైవభక్తి గొప్పదని చెప్పాడు గాని, సాధకము పనికిరానిదని చెప్పలేదని మేము జవాబిచ్చాము. సామెతల గ్రంథము చివరి అధ్యాయములో గుణవతియైన స్త్రీని వర్ణించినప్పుడు ఆమె చేతుల బలమును కూడా చెప్పారు గదా! అయినా మన తల్లులు ఏనాడు బరువు మోయలేదు? నీళ్ళ బిందెలు, కొబ్బరికాయల గంపలు, కట్టెల మోపులు ఎవరి తలమీద నడిచాయి? బరువు మోయడము తప్పు కాదట, దానికి పతకము ఆశించడమే తప్పట!

ఆ పెద్దలకు మేము మన జిల్లా బిడ్డను గుర్తు చేశాము. పలాసలో రైలెక్కి విశాఖపట్నము వైపు వెళితే శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను వస్తుంది. ఆ స్టేషను ఉన్న ఊరు ఆముదాలవలస. దాని దగ్గరి ఊసవానిపేటలో 1975లో పుట్టిన కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర సాధన చేసి, 1994లోను 1995లోను ప్రపంచ విజేత అయ్యారు. ఒలింపిక్సులో స్త్రీలకు బరువులెత్తే పోటీ మొదటిసారి పెట్టింది 2000 సంవత్సరములో, సిడ్నీలో. ఆ సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల తరగతిలో ఒక ఎత్తులో 110, మరొక ఎత్తులో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము తెచ్చారు. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ స్త్రీ మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి! ఈ మాటతో పెద్దలు నెమ్మదించారు. అంతవరకు మేము ఆ అమ్మాయి పక్షమే.

ఒక సాయంకాలము ఆ తల్లి కూతురిని చెయ్యి పట్టుకొని మా ఇంటికి తీసుకువచ్చింది. రెండవ చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది.

“అయ్యగారూ, మా గుంట ఏటి తింటందో సూడండి. తెల్లటి పొడి. రోజూ నీళ్ళల్లో కలుపుకొని తాగేస్తంది. ఏటే ఇది అంటే క్రియాటినంట! మా ఆయన్ని తినేసింది అదే కాదేటండి? దాన్ని డబ్బులెట్టి కొనుక్కుని తింటందండి!”

మేము డబ్బా తీసుకొని చూశాము. నిజమే, ఇంగ్లీషులో క్రియాటిన్ మోనోహైడ్రేట్ అని పెద్ద అక్షరాలతో ఉంది. మాకు గుండె ఝల్లుమన్నది. ఆమె భర్త సమాధి దగ్గర ప్రార్థన చేసినవాళ్ళము మేమే. ఆ మనిషి చివరి చీటీలో క్రియాటిన్ అంకె ఎంతో కూడా మాకు గుర్తుంది.

“అయ్యగారూ, ఇది వేరే అండి. వ్యాయామశాలలో అక్కలు వాడుతున్నారు. కండకు బలమండి. అది క్రియాటి...” అని అమ్మాయి ఏదో చెప్పబోయింది.

మేము ఆమెను పూర్తిగా చెప్పనివ్వలేదు. “అమ్మా, మీ నాన్న ఎలా పోయాడో నీ కళ్ళతో చూశావు. కన్నతల్లి ఉసురు పోసుకోకు. పతకము కోసము ప్రాణము తీసుకుంటావా?” అన్నాము. ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. డబ్బాను మా బల్లమీదనే వదిలి బయటికి వెళ్ళిపోయింది. వెయ్యి రూపాయలకు పైగా పెట్టి కొన్నదని, ఆ డబ్బు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి సంపాదించిందని తరువాత తెలిసింది.

మేము అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారము స్త్రీల కూటములో మాట్లాడుతూ, పేరు చెప్పకుండానే, “కొందరు ఆడపిల్లలు బలము కోసము కిడ్నీలను పాడు చేసే విషమును కొనుక్కొని తింటున్నారు, తల్లులారా జాగ్రత్త” అని గట్టిగా హెచ్చరించాము. చిన్న ఊరిలో పేరు చెప్పకపోవడము ఒక ముసుగే గాని, ఎవరిని గూర్చి అన్నామో అందరికీ తెలుసు. తరువాతి ఆదివారము పాటల బృందములో ఆ పిల్ల లేదు. ఆపై ఆదివారమూ లేదు. మూడవ ఆదివారము తల్లి ఒక్కతే వచ్చి వెనుక వరుసలో కూర్చొని, ఆశీర్వాదము కాకముందే లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనముల తరువాత మా శ్రీమతి ఆ డబ్బాను తెచ్చి మా ముందు పెట్టింది. “ఏమండీ, దీనిమీద రాసినది మీరు చదివారా?” అని అడిగింది. పేరు చదివామన్నాము. “పేరు కాదు, తక్కినది” అన్నది. పాత ప్రార్థన విన్నపముల కాగితాలలో దాచిన ఒక రక్త పరీక్ష చీటీని కూడా తెచ్చి ప్రక్కన పెట్టింది. రెండింటిమీద ఇంగ్లీషు అక్షరాలను వేలు పెట్టి చూపించింది. ఒకదానిలో క్రియాటిన్, రెండవదానిలో క్రియాటినిన్. మేము దైవశాస్త్రములో డిప్లొమా చేశాము గాని వైద్యశాస్త్రములో కాదు. వినకముందే జవాబు చెప్పేవానిని గూర్చి సామెతల గ్రంథము 18వ అధ్యాయము ఏమంటుందో మేము ఎన్నోసార్లు బోధించాము. ఆ రాత్రి ఆ అధ్యాయము మమ్మల్ని గూర్చి రాసినట్టుగా తోచింది.

మరుసటి రోజు ఆ డబ్బా సంచిలో పెట్టుకొని టెక్కలి వెళ్ళాము. అక్కడ మాకు తెలిసిన వైద్యులు ఒకరున్నారు. విషయము విని ఆయన నవ్వలేదు. “అయ్యగారూ, మన ప్రాంతంలో ఈ భయము రావడము సహజమే. కాని రెండూ ఒకటి కావు” అని, రోగులందరూ వెళ్ళిన తరువాత కూర్చోబెట్టి వివరించారు.

క్రియాటిన్ మన శరీరములో స్వతహాగా ఉన్నదే. దానిని 1832లో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాంసములో కనిపెట్టి, మాంసమునకు గ్రీకు భాషలో ఉన్న పేరునుబట్టి ఆ పేరు పెట్టాడు. మన మూత్రపిండములు, కాలేయము కలిసి దానిని తయారు చేస్తాయి. చేపలు, మాంసము తింటే కొంత ఆహారములో వస్తుంది. శరీరములోని క్రియాటిన్ లో నూటికి 95 వంతులు కండలలోనే ఉంటుంది. ఒక్క ఉదుటున పెద్ద బరువు ఎత్తినప్పుడు, పరుగు అందుకున్నప్పుడు, మొదటి కొన్ని క్షణాలకు కావలసిన శక్తిని అది అందిస్తుంది. బ్యాంకులో డబ్బు తీయడానికి సమయము పడుతుంది గదా! రొంటిని దోపుకున్న చిల్లర అప్పటికప్పుడు పనికివస్తుంది. కండకు క్రియాటిన్ ఆ చిల్లర వంటిది.

పొడి రూపములో తీసుకుంటే కండలో ఆ నిల్వ పెరుగుతుందని రోజర్ హ్యారిస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1992లో ప్రకటించారు. ఆ సంవత్సరమే బార్సిలోనా ఒలింపిక్సులో పతకాలు గెలిచిన బ్రిటిషు క్రీడాకారులు కొందరు దానిని వాడారని పత్రికల్లో వచ్చింది. అప్పటినుంచి దానిమీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. మొదట ఎక్కువగా మగవారిమీద చేసినా, తరువాత స్త్రీలమీద కూడా చేశారు. ఆరోగ్యవంతులు రోజుకు 3 నుంచి 5 గ్రాముల చొప్పున తీసుకుంటే మూత్రపిండములు పాడైనట్టు ఆ పరిశోధనలలో కనబడలేదు. బరువులెత్తే సాధన చేసేవారికి బలము కొంత పెరుగుతుంది. సాధన లేకుండా ఊరికే తాగితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇది హార్మోను కాదు, స్టెరాయిడు కాదు. ఆడవారికి మీసాలు వస్తాయని, గొంతు మారుతుందని అనుకోవడము అపోహ. క్రీడలలో నిషేధించిన మందుల పట్టికలో కూడా ఇది లేదు.

“మరి క్రియాటినిన్?” అని అడిగాము.

“కండలోని క్రియాటిన్ లో రోజూ కొద్ది భాగము అరిగి క్రియాటినిన్ గా మారుతుంది. అది శరీరానికి అక్కరలేనిది. దానిని మూత్రపిండములు వడకట్టి బయటికి పంపుతాయి. అవి దెబ్బతింటే అది రక్తములో పేరుకుంటుంది. అందుకే దానిని కొలిచి మూత్రపిండములు ఎలా ఉన్నాయో అంచనా వేస్తాము. అది జబ్బు కాదు, జబ్బును చూపే గుర్తు మాత్రమే” అన్నారాయన.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా శ్రీమతి ఒక్క మాటలో తేల్చేసింది. “అయితే క్రియాటిన్ పొయ్యిలో కట్టె, క్రియాటినిన్ బూడిద, కిడ్నీలు బూడిద ఎత్తే మనిషి. అంతేగదా!” అన్నది. అంతే. బూడిద కుప్ప పెరిగిందంటే ఎత్తే మనిషి నీరసపడి ఉండవచ్చు, లేదా పొయ్యిలో కట్టెలు ఎక్కువ కాలి ఉండవచ్చు. కండ బాగా ఉన్నవారికి, ఈ పొడి తీసుకునేవారికి, మాంసము ఎక్కువగా తిన్నవారికి మూత్రపిండములు బాగానే ఉన్నా ఆ అంకె కొంచెము ఎక్కువ రావచ్చు. అలాంటప్పుడు ఆ ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకుండా మూత్రములో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతున్నదా అని చూస్తారట. కండతో పెద్దగా సంబంధము లేని సిస్టాటిన్ సి అనే మరొక రక్త పరీక్ష కూడా ఉన్నదట.

అయితే వైద్యులుగారు చివరికి ఇంకొక మాట అన్నారు. మాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. “ఆరోగ్యవంతులకు ప్రమాదము లేదని చెప్పాను. కాని ఉద్దానములో ఎవరు ఆరోగ్యవంతులో పరీక్ష చేయకుండా ఎలా చెప్పగలము? ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, కాళ్ళు వాచవు, మూత్రము తగ్గదు. చాలా భాగము దెబ్బతినే వరకు మనిషికి తెలియదు. తండ్రికి ఉన్నదంటున్నారు. ఆ అమ్మాయిని పరీక్ష చేయించకుండా ఆ పొడి తాగమనీ నేను చెప్పను, మానమనీ చెప్పను. ముందు తీసుకురండి. తల్లిని కూడా తీసుకురండి.”

ఆ సాయంకాలమే మేమిద్దరము ఆ ఇంటికి వెళ్ళాము. అమ్మాయి గుమ్మములో కూర్చొని చదువుకుంటున్నది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, లోపలికి వెళ్ళబోయింది. “తల్లీ, ఆగు. నువ్వు చెప్పబోయినది మేము వినలేదు. నువ్వే సరి, మేమే తప్పు. నలుగురిలో అన్నాము గనుక నలుగురిలోనే ఒప్పుకుంటాము” అని డబ్బా ఆమె చేతికి ఇచ్చాము. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకొని, “పొడి గురించి కాదండి అయ్యగారూ, నన్ను అడక్కుండా అందరిలో విషమన్నారు గదండి, అది బాధండి” అన్నది. అయ్యగారు అన్న పిలుపుకు మేము ఎంత తక్కువ తగినవాళ్ళమో ఆ క్షణమున తెలిసింది.

పరీక్షకు తల్లి మొదట ఒప్పుకోలేదు. “నాకేటయింది? నాను బాగానే ఉన్నాను, పనికెల్తన్నాను” అన్నది. మేము కూడా చేయించుకుంటామని చెప్పిన తరువాత సరేనన్నది. నలుగురము కలిసి వెళ్ళాము.

మా ఇద్దరి ఫలితములు దేవుని కృపవలన బాగున్నాయి. అమ్మాయి క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఆడవారికి సాధారణంగా 1.1 లోపు ఉండాలని చీటీమీద అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ప్రక్కన నల్లగా గుర్తు చూసి తల్లి అక్కడే కూలబడింది. వైద్యులుగారు ధైర్యము చెప్పి, మూడు వారములు ఆ పొడి మానమన్నారు. మళ్ళీ పరీక్షకు రెండు రోజుల ముందు బరువులెత్తడము కూడా ఆపమన్నారు. రెండవసారి 0.9 వచ్చింది. మూత్రములో ప్రోటీను లేదు. సిస్టాటిన్ సి కూడా సరిగానే ఉన్నది. ఆ పిల్ల మూత్రపిండములు బాగున్నాయి. పెరిగిన ఆ కొంచెము బూడిద కట్టెలు ఎక్కువైనందువల్ల వచ్చినదే.

తల్లికి మాత్రము 1.6 వచ్చింది. మూత్రములో ప్రోటీను కూడా పోతున్నది. కండలు పెంచినది లేదు, పొడి తాగినది లేదు. ఆమె విషయములో ఆ అంకెకు వేరే అర్థము వెతకడానికి లేదు.

వైద్యులుగారు ఆమె ఏయే మందులు వాడుతున్నదని అడిగారు. ఏమీ లేదన్నది. మళ్ళీ అడిగారు. అప్పుడామె చెంగు ముడి విప్పి ఒక మాత్రల అట్ట తీసింది. పొద్దుటినుంచి సాయంకాలము వరకు పీటమీద వంగి కూర్చొని జీడిపప్పు పొట్టు తీస్తే నడుము పట్టేస్తుందట. దుకాణములో అడిగితే ఇస్తారట. రోజుకు ఒకటి, ఒక్కొక్కనాడు రెండు వేసుకొని మూడు సంవత్సరములుగా పనికి వెళుతున్నదట. అది డైక్లోఫినాక్. ఆమె వ్యాధికి అదే కారణమని వైద్యులుగారు అనలేదు. ఉద్దానములో అంత సులువుగా కారణము చెప్పలేమన్నారు. కాని డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు రోజూ వాడితే మూత్రపిండములకు చెరుపు అని, ఇప్పటికే నీరసించినవాటికి మరీ చెరుపు అని చెప్పి వెంటనే ఆపించారు.

ప్రియ పాఠకులారా, కూతురి డబ్బాను చూసి తల్లీ భయపడింది, మేమూ భయపడ్డాము. తల్లి చెంగుకు కట్టుకొని తిరుగుతున్న మాత్రలను మేమెవ్వరమూ చూడలేదు. ఆమె స్త్రీల కూటములో మా ఎదుటనే కూర్చొని, మేము చెప్పిన హెచ్చరికకు తల ఊపింది. అప్పుడు కూడా ఆ ముడి ఆమె చెంగుననే ఉన్నది. విషమును గూర్చి మాట్లాడిన మేము, మీ నడుము నొప్పికి ఏమి వేసుకుంటున్నారని ఏనాడూ ఆ తల్లులను అడగలేదు.

మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే ఆమెకు 1.5 ఉన్నది. పూర్తిగా తగ్గలేదు. ఇది దీర్ఘకాలపు వ్యాధేనని వైద్యులుగారు చెప్పారు. రక్తపోటుకు మందు ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, మూడు నెలలకొకసారి రమ్మన్నారు. భర్తకు జబ్బు తెలిసేటప్పటికే చివరి దశ. ఈమెకు ముందుగా తెలిసింది. ఇలా జాగ్రత్తగా ఉంటే డయాలసిస్ అవసరమును ఏళ్ళ తరబడి దూరము పెట్టవచ్చునట. దీనికి మేము దేవునికి స్తోత్రము చెల్లిస్తున్నాము. ఆ అమ్మాయి పొడి కొనుక్కొని ఉండకపోతే మేము ఆ ఆసుపత్రి గుమ్మము ఎక్కేవాళ్ళమే కాదు.

మరి ఆ డబ్బా సంగతి? అమ్మాయి వైద్యులుగారినే సూటిగా అడిగింది. ఆయన దాచకుండా చెప్పారు. “నీ మూత్రపిండములు ఈ రోజుకు బాగున్నాయి. ఆరోగ్యవంతులమీద చేసిన పరిశోధనలు నీకు ధైర్యము చెబుతాయి. కాని ఆ పరిశోధనలు తండ్రికి, తల్లికి కూడా ఈ వ్యాధి ఉండి, కారణము తెలియని ఈ నేలమీదనే పుట్టి పెరిగిన ఆడపిల్లలమీద చేసినవి కావు. ఇంకొక చిక్కు కూడా ఉంది. నువ్వు ఇది వాడుతూ ఉంటే నీ క్రియాటినిన్ అంకె ఎప్పుడూ కొంచెము ఎక్కువే చూపుతుంది. రేపు నిజంగా జబ్బు మొదలైతే పొడివల్లనేలే అనుకొని పోల్చుకోలేకపోవచ్చు. నీవే ఆలోచించుకో.” ఆ పిల్ల రెండు రోజులు ఆలోచించుకొని మానేసింది. ఎవరో కసిరినందుకు కాదు, తెలుసుకొని మానేసింది. ఈ రెండింటికీ ఎంత తేడా ఉన్నదో ఆమె ముఖము చూస్తే తెలుస్తుంది.

అయితే ఉద్దానములో మా సంఘపు బిడ్డకు సరిపోయిన నిర్ణయము, మూత్రపిండములు బాగున్న ప్రతి సహోదరికీ వర్తించాలని మేము చెప్పము. ఈనాడు ఫోనుల్లో చూసి, వ్యాయామశాలల్లో విని, ఈ పొడిని తెప్పించుకునే స్త్రీలు పట్టణాల్లోనే గాక మన ఊళ్ళలో కూడా ఉన్నారు. వారిలో విశ్వాసులూ ఉన్నారు. వారికి మేము వైద్యుల దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాము.

మొదటిది, డబ్బా తెరవకముందే రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. రక్తపోటు కూడా చూపించుకోండి. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు దీని జోలికి పోవద్దు. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి తీరాలి. గర్భవతులమీద, పాలిచ్చే తల్లులమీద తగినంత పరిశోధన జరగలేదు గనుక వారు కూడా వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

రెండవది, రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. త్వరగా బలము వస్తుందని కొందరు మొదటి వారము 20 గ్రాములు తాగుతారు. ఆ తొందర అవసరము లేదు, చిన్న మోతాదుతో కూడా మూడు నాలుగు వారాల్లో కండ నిండుతుంది. కండలో నీరు నిలిచి మొదట్లో ఒక కిలో వరకు బరువు పెరగవచ్చు. పోటీలో బరువు తరగతి చూసుకునేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

మూడవది, డబ్బామీద ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో చూడండి. విడిగా పొట్లాలు కట్టి అమ్మేది కొనవద్దు. అసలు పొడి మంచిదైనా కల్తీలో నిషేధించిన మందు కలిసి ఉంటే క్రీడాకారిణి జీవితమే పాడవుతుంది. రక్త పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ పొడి వాడుతున్న సంగతి వైద్యునితో తప్పక చెప్పండి. దాచితే ఆయన అంకెను తప్పుగా చదువుతారు.

నాలుగవది, పొడినుంచి అద్భుతములు ఆశించకండి. నెలసరి ఆగిన స్త్రీలు 237 మందిమీద రెండు సంవత్సరములు జరిపిన పరిశోధన 2023లో వెలువడింది. వ్యాయామముతో పాటు ఈ పొడి తీసుకున్నా వారి ఎముకల సాంద్రత అదనంగా ఏమీ పెరగలేదు. బలము ఇచ్చేది ముఖ్యంగా సాధన, తిండి, నిద్ర. గ్రుడ్డు, పప్పు, చేప మన వంటింట్లోనే ఉన్నాయి. నలభై దాటిన మన సహోదరీలు పొడి లేకుండానే వారానికి రెండు మూడు రోజులు తమ శక్తికొలది బరువుతో వ్యాయామము చేస్తే నడుముకు, మోకాళ్ళకు మేలు కలుగుతుంది. అప్పుడు మాత్రల అట్టతో పని తగ్గుతుంది.

తరువాతి ఆదివారము ఆరాధనలో ప్రకటనల సమయమున మేము మా పొరపాటును సంఘము ఎదుట ఒప్పుకున్నాము. క్రియాటిన్, క్రియాటినిన్ అనే రెండు మాటలను నల్లబల్లమీద రాసి, అవ్వలచేత కూడా పలికించాము. గొణిగిన పెద్దలలో ఒకరు కూటము అయిన తరువాత దగ్గరికి వచ్చి, తాను కూడా మోకాళ్ళ నొప్పికి నాలుగేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నానని మెల్లగా చెప్పారు. ఆ నెలలో మా సంఘము నుంచి పందొమ్మిది మంది పరీక్షలు చేయించుకున్నారు. పాటల బృందములో ముందు వరుస మళ్ళీ నిండింది.

మొన్న టెక్కలిలో అమ్మాయి సాధన చూడడానికి తల్లి మొదటిసారి మా శ్రీమతితో కలిసి వెళ్ళింది. పిల్ల ఇనుప కడ్డీని భుజాలమీదికి తెచ్చుకొని, ఊపిరి బిగబట్టి, తలపైకి ఎత్తి నిలబడింది. తల్లి రెండు చేతులతో నోరు మూసుకొని, బరువు క్రింద పడేదాకా కదలలేదట. ఆ తరువాత, “అంత బరువు మీ నాన్న కూడా మొయ్యనేదే!” అన్నదట.

ఈ నెలలో మీ ఇంట కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒకరినొకరు ఈ రెండు ప్రశ్నలు అడగండి. రోజూ మనము ఏ మాత్ర, ఏ పొడి, ఏ కషాయము మింగుతున్నాము? రక్త, మూత్ర పరీక్ష చేయించుకొని ఎంతకాలమైంది? జవాబు చెప్పేవారి మాట పూర్తి అయ్యేవరకు వినండి. మేము వినలేదు గనుక మీతో చెబుతున్నాము. ప్రభువు మీ గృహములను, మీ గృహములలోని స్త్రీల చేతుల బలమును దీవించును గాక. ఆమేన్.